ఫిరంగివారింటి నిలువుటద్దం

ఫిరంగివారింట గుసగుస అన్నది పుట్టి ఎరుగదు. ఆ ఇంట ఉప్పు అడిగినా, దేవుణ్ణి తలిచినా, అలిగినా, అలక తీర్చినా వీధి మలుపులోని మంగలి దుకాణం దాకా వినబడవలసిందే. ఆ వీధికి కొత్తగా కాపురం వచ్చినవారు మొదట్లో, "పాపం, వీళ్ళింట్లో పొద్దున లేస్తే రణరంగమే" అని జాలిపడేవారు. సంగతి తెలిశాక వారు కూడా ఆ గడప ముందు నిలిచి గొంతెత్తి మాట్లాడడం అలవరచుకునేవారు.

ఆ ఇంటి పెద్ద ఒకనాటి సైనికుడు. యౌవనమంతా సరిహద్దు కొండల మీద ఫిరంగి పక్కన నిలిచి గడిపి, తిరిగి వచ్చేనాటికి ఒక చెవిని అక్కడే వదిలి, రెండో చెవిని సగం మాత్రమే వెంట తెచ్చుకున్నాడు. వీధి ఆయనకు 'ఫిరంగి' అని పేరు పెట్టింది. ఆ పేరంటే ఆయనకు ముచ్చటే.

ఆయన భార్య దర్జీ. ముందుగదే ఆమె అంగడి. అందులో రెండు కుట్టుమిషన్లు, మంచమంత వెడల్పయిన కత్తిరింపు బల్ల, గోడకు ఆనించిన నిలువుటద్దం. కొలతలు తీసేటప్పుడు ఎదుటివారి చెవులకు చిల్లులు పడేలా మాట్లాడుతుందన్న మాటే గాని, ఆమె కుట్టిన కాలరుకు వంక పెట్టినవారు లేరు. పింఛను మీద ఇంటికి వచ్చిన భర్తకు ఆమె బొత్తాలు కుట్టే పని అప్పగించింది.

"ఫిరంగులు పేల్చిన చేతులకు బొత్తాలా, బాబాయ్?" అని మంగలి ఒకనాడు ఆట పట్టించాడు.

"ఫిరంగి పేలిస్తే ఎవడి చొక్కానో పోతుందిరా. బొత్తాం కుడితే ఎవడి చొక్కానో నిలుస్తుంది. ఏది పుణ్యమో నువ్వే చెప్పు!" అన్నాడు ఫిరంగి.

ఆ దంపతులకు సంతానం లేదు. మేడమీద మరిది కాపురం. మరిది లారీ నడుపుతూ నెలలో సగం రోజులు దారుల మీదే ఉండేవాడు. తోడికోడలు ఆసుపత్రిలో దుప్పట్లు ఉతికే చోట పనికి పోయేది. అందువల్ల వారి ఒక్కగానొక్క కూతురు నేలమీద పాకడం నేర్చినది మొదలు కింది అంగడిలోనే, గుడ్డపీలికల నడుమ పెరిగింది. మాటలు వచ్చీ రాకముందే ఆ ఇంటి తీరు పట్టేసింది. పాలకు ఏడిస్తే వీధి చివరి కుక్కలు లేచి కూర్చునేవి. పెదనాన్నే దానికి 'గంట' అని పేరు పెట్టాడు. ఆ పేరే నిలిచింది.

గంటకు పెదనాన్న అంటే ప్రాణం. బొత్తాల డబ్బా పక్కన చతికిలబడి, ఆయన నోట కొండల కథలు వినేది. తనకు వచ్చిన పాటలు ఆయన ముందు నిలబడి బిగ్గరగా పాడేది. ఆయన తల ఊపుతూ, చివరి చరణం పెదవులతో కలిపేవాడు. మిగిలినవారు ఒకటికి రెండుమార్లు చెబితే గాని అందుకోని మనిషి, ఆ పిల్ల గడపలో నిలిచి వెనకనుంచి "పెదనాన్నా!" అంటే చాలు, తల తిప్పకుండానే "ఏం తల్లీ, వచ్చావా!" అనేవాడు. ఇంట్లోవారు, వీధిలోవారు అందరూ ఆ వింత చెప్పుకునేవారు: "ఫిరంగికి లోకంలో వినబడే గొంతు ఒక్కటే, ఆ గంటది."

అది అబద్ధమని ఒక్క దర్జీకే తెలుసు.

పిల్లకు ఇంకా పాలపళ్ళు ఊడుతున్న రోజుల్లోనే ఆయనకు మిగిలిన ఆ సగం చెవి కూడా పోయింది. ఎవరూ గమనించలేదు. దీపం కొడిగట్టినట్టు మెల్లమెల్లగా తగ్గి, ఒకనాటికి ఆరిపోయింది. ఆనాడు అంగడి ఇనుప షట్టరు గొలుసు తెగి ఆయన వీపు వెనకనే దభాలున కింద పడింది. వీధి వీధంతా ఉలిక్కిపడి పరుగెత్తుకు వచ్చింది. ఆయన మాత్రం సూదికి దారం ఎక్కిస్తూ కూర్చున్నాడు. కాళ్ళకింది నేల అదిరినందువల్ల కాబోలు, ఒక క్షణం తరువాత తల తిప్పి చూశాడు. భార్య కళ్ళలోకి చూశాడు. ఆమెకు అర్థమైందని ఆయనకు అర్థమైంది.

ఆనాడు జనం వెళ్ళిపోయాక ఆయన అన్న మాటలు ఆమె గుండెలో శిలాక్షరాలై నిలిచాయి. "ఎవరికన్నా చెప్పుకో, నాకేం సిగ్గులేదు. దానికి మాత్రం చెప్పకు. నాకోసమే అది గొంతు పెంచుకుంది. నాకు వినబడట్లేదని తెలిస్తే దాని గొంతు పడిపోతుందే. నీకు దణ్ణం పెడతాను, చెప్పకు."

పెళ్ళినాటినుంచి ఆ మనిషి ఆమెను దేన్నీ ప్రాధేయపడి అడిగినవాడు కాడు. ఆమె మాట ఇచ్చింది. ఇవ్వడంతో ఆగక, ఆ అబద్ధానికి గోడలు కూడా కట్టింది. నిలువుటద్దాన్ని తలుపు పక్కనుంచి తీయించి, ఆయన కూర్చునే పీటకు ఎదురుగా పెట్టించింది. అక్కడ కూర్చుంటే వెలుతురు భుజంమీదుగా పనిపై పడుతుందని అందరికీ చెప్పింది. అసలు కారణం వేరు: గడపలో ఎవరు నిలిచినా, వారి మొహం, పెదవుల కదలిక ఆ అద్దంలో కనబడతాయి. చెవులు పోయినవాడి కళ్ళు డేగకళ్ళవుతాయంటారు. ఆయన కళ్ళు అటువంటివే. గంట పెదవులు ఆయనకు కంఠతా వచ్చిన పద్యం వంటివి. మొదటి మాట కదిలితే చాలు, మిగిలినదంతా ఆయనకు తెలిసిపోయేది.

ఆయనకు ఇంకా కాస్తో కూస్తో వినబడుతుందని అందరికీ అనిపించడానికి ఆమె ఎప్పటిలాగే అరుస్తూ వచ్చింది. వినలేని మనిషితో, వినబడుతుందన్నట్టు, లోకం వినేలా అరవడం! బయటికి నవ్వు పుట్టించే ఈ పనిలో ఎంత ఒంటరితనం ఉందో ఆమె ఎవరికీ చెప్పుకోలేదు. మెల్లగా చెప్పవలసిన మాటలు మనిషికి కొన్ని ఉంటాయి. అవి ఆమెలోనే పుట్టి ఆమెలోనే అణగిపోయాయి. వీధివారు 'ఆయనకు వినబడే గొంతు గంటది' అన్నప్పుడల్లా, అది అబద్ధమని తెలిసి కూడా, ఆమె మనసులో ఎక్కడో చిన్న ముల్లు కదిలేది. ఆ ముల్లును ఆమె దేవుడి ముందు కూడా ఒప్పుకోలేదు.

గంట పెద్దదైంది. బడిలో కవాతు దళంలో చేరింది. మైదానంలో ఒక కొసన నిలిచి ఆజ్ఞ ఇస్తే రెండో కొసన ఉన్నవారి మడమలు ఒక్కసారిగా తగిలేవి. "ఈ గొంతు ఎక్కడ సాధించావమ్మా?" అని ఒక అధికారి అడిగితే, "మా పెదనాన్నకు వినబడాలి కదండీ!" అందట. చదువు ముగిసీ ముగియగానే సైన్యంలో చేరడానికి పరీక్షలు రాసి నెగ్గింది. ఏ విభాగం కావాలని అడిగితే తడుముకోకుండా ఫిరంగులే కోరుకుంది. ఆ కబురు వచ్చిననాడు ఫిరంగి వీధిలోకి పోయి మంగలిని కావలించుకున్నాడు. సగం గీసిన గడ్డంతో కుర్చీలో కూర్చున్న మనిషి బిత్తరపోయి చూశాడు.

దర్జీకి కూడా గర్వంగానే ఉండింది. ఆడపిల్ల పోతోందన్న దిగులు తోడికోడలికి ఉంది గాని ఆమెకు లేదు. ఆమె దిగులు వేరేచోట, ఒక మధ్యాహ్నం పుట్టింది.

ఆనాడు ఆమె గంట ప్రయాణపు సంచికి పట్టీలు కుడుతోంది. తోడికోడలు కొంగుతో మొహం తుడుచుకుంటూ వచ్చి కూర్చుంది. గంట బల్లమీదికెక్కి కాళ్ళు ఊపుతోంది. ఫిరంగి పెరట్లో ఉన్నాడు.

"అక్కా, అక్కడ ఫిరంగుల దగ్గర చెవుల్లో పెట్టుకోడానికి ఏవో ఇస్తారట. మా ఆసుపత్రిలో డాక్టరమ్మ చెప్పింది. కచ్చితంగా పెట్టుకోమను దీన్ని," అంది తోడికోడలు.

గంట పకపకా నవ్వింది. "ఇస్తే ఇస్తారమ్మా, నేను పెట్టుకుంటానా! చెవుల్లో దూది పెట్టుకున్నవాణ్ణి పెదనాన్నవాళ్ళు ఏమనేవారో తెలుసా? 'ఏం పెళ్ళికూతురా, కొత్త కమ్మలా?' అనేవారట! ఫిరంగి మాట వినలేనివాడికి ఫిరంగి ఎందుకూ అని."

"అప్పటి మాటలు వేరే," అంది దర్జీ మిషను ఆపి.

"ఏం వేరు పెద్దమ్మా? పెదనాన్న పెట్టుకున్నాడా? లేదు. ఏమైంది ఆయనకు? కొంచెం మందం, అంతే. నా మాట వినబడట్లేదూ? నేను వీధిలోంచి పిలిస్తే పలకట్లేదూ? ఊరికే అందరూ భయపెడతారు!"

దర్జీ చేతిలోని గుడ్డ జారి కిందపడింది. తాము కట్టిన అబద్ధపు గోడ మీద ఆ పిల్ల నిచ్చెన వేసి ఎక్కుతోందని ఆమెకు ఆ క్షణాన తెలిసింది. ఆ గోడకు ఇటుకలు అందించినది తన చేతులే.

ఆమె వెంటనే పెరట్లోకి పోయి, భర్త ఎదుట నిలిచి సంగతి చెప్పింది. ఆయన మొహం వాడింది. సాయంత్రం గంటను పిలిచి, తన గంభీరమైన గొంతుతో, "తల్లీ, అక్కడ చెవులకు పెట్టుకొమ్మన్నవి పెట్టుకో. విన్నావా?" అన్నాడు.

"నువ్వు పెట్టుకున్నావా?"

"నా కాలం వేరే."

"పెళ్ళికూతురా అని వెక్కిరించింది ఎవరు మరి?" అంటూ గంట ఆయన బుగ్గ పొడిచింది. "నన్ను పరీక్ష చేస్తున్నావు కదూ? నేను నీ పిల్లను! తలవంపులు తేను."

ఆ ముసలి సైనికుడు నవ్వేశాడు. ఆ నవ్వులో మురిపెం కూడా ఉంది. దాన్ని చూసి దర్జీకి గుండె మండింది.

"నిజం చెప్పండి దానికి," అంది, పిల్ల మేడెక్కాక.

"అది పోయేది నా గొంతు పట్టుకుని కాదే, దాని గొంతు పట్టుకుని. ఆ గొంతే విరిచేస్తే ఇంక దేన్ని పట్టుకుని పోతుంది?"

"చెవులు పోతే?"

"పోవులే. ఈ కాలంలో అధికారులు ఊరుకోరు."

"మీ అధికారులు ఊరుకోలేదూ?"

ఆయన ఆ మాటను ఆమె పెదవుల మీద చూడనట్టే ఉండిపోయాడు.

సత్యమే పలకాలి గాని, ఎదుటివారి మనసు కోసే సత్యం పలకరాదని పెద్దలు అంటారు. పలకకపోతే ఒక పసిదాని బతుకే కోసుకుపోయేచోట ఏం చెయ్యాలో వారు చెప్పి పోలేదు. దర్జీ ఆ ధర్మసందేహంతో కొన్నాళ్ళు నలిగింది. పూజ ముందు కూర్చుంటే మనసు నిలవలేదు. కాలరు కుడుతూ కూర్చుంటే కుట్టు నిలవలేదు. ఇచ్చిన మాట తప్పడం పాపం. ఇచ్చిన మాటను పట్టుకుని వేలాడుతూ పిల్లను గోతిలో పడనివ్వడం ఇంకెంత పాపం? నోటితో చెబితే ఆ పిల్ల నమ్మదని కూడా ఆమెకు తెలుసు. 'పెద్దమ్మకు అసూయ' అనుకుంటుంది. ఆ మాటలో కాస్త నిజం లేకపోలేదన్న భయమే ఆమెను ఇన్నాళ్ళూ ఆపింది. చివరికి ఆమె తనకు తాను ఇలా చెప్పుకుంది: ముల్లున్న చెయ్యి అయినా సరే, నూతిలో పడబోయేదాన్ని పట్టుకోవలసిందే.

ప్రయాణం దగ్గరపడింది. ఒక ఉదయం గంట వీధిలోవారికి చెప్పి రావడానికి వెళ్ళింది. ఫిరంగి పీటమీద కూర్చుని బడిపిల్లల చొక్కాలకు బొత్తాలు కుడుతున్నాడు. దర్జీ కోటు అస్తరుకు తెచ్చిన నల్లని తానుగుడ్డ విప్పి, అద్దం మీదనుంచి కిందికి వేలాడదీసింది. గుడ్డ వాలు చూడడానికి ఆమె అప్పుడప్పుడు అలా చేసేదే. ఆయన కళ్ళు ఎత్తి చూసి మళ్ళీ పనిలో పడ్డాడు. పిల్ల ఇంట లేదు కనుక ఆయనకు అద్దంతో పని లేదు.

ఆమె గడపలోకి వచ్చి నిలుచుంది. గంట మంగలి దుకాణం ముందునుంచి నవ్వుకుంటూ వస్తోంది. చేతిలో ఎవరో ఇచ్చిన పెన్ను.

"పెద్దమ్మా, మంగలి బాబాయ్ ఏమన్నాడో తెలుసా? జడ కత్తిరించాల్సి వస్తే తనే కత్తిరిస్తానని—"

"మీ పెదనాన్నను పిలువు."

"లోపలే ఉన్నాడుగా?"

"ఉన్నాడు. ఇక్కణ్ణించే పిలువు."

ఆ గొంతులో ఏదో ఉంది. గంట ఆమెను విచిత్రంగా చూసి, గడపలో నిలిచి, "పెదనాన్నా!" అంది.

ఆయన దారం కొనను పెదవులతో తడిపాడు.

"పెదనాన్నా!"

ఆయన సూది బెజ్జాన్ని వెలుతురుకెత్తి, ఒక కన్ను మూసి చూశాడు. పక్కింటివారు కిటికీ తెరిచారు. మంగలి కత్తి చేత్తో పట్టుకుని బయటికి వచ్చాడు.

"పెద-నాన్నా!" మైదానం కొసల దాకా పోయే గొంతుతో, గుండెనిండా గాలి పీల్చి అరిచింది గంట. కప్పు మీది పావురాలు లేచాయి. బొత్తాల డబ్బా మూత సన్నగా కంపించింది.

ఆయన బొత్తాం కింద దారం చుట్టి, పళ్ళతో కొరికి తెంపాడు. కుట్టిన బొత్తాన్ని లాగి చూసుకుని, తృప్తిగా తనలో తాను ఏదో అనుకుంటూ తరువాతి చొక్కా అందుకున్నాడు.

గంట కదల్లేదు. వీధి కదల్లేదు. దర్జీ ఆ పిల్ల మొహం చూడలేక నేల చూసింది.

ఎంతసేపో అయ్యాక, అలవాటు కొద్దీ ఆయన కళ్ళు అద్దం కోసం లేచాయి. అక్కడ నల్లని గుడ్డ. ఆయన చెయ్యి గాలిలోనే ఆగింది. మెల్లగా, వయసు ఒక్కసారిగా మీద పడినవాడిలా, పీటమీదనే వెనక్కి తిరిగాడు. గడపలో పిల్ల మొహం చూశాడు. మొహాలను పుస్తకాల్లా చదివి బతికినవాడికి ఆ మొహంలో చదవనిదంటూ ఏం మిగులుతుంది?

"ఎంతసేపైంది తల్లీ వచ్చి?" అన్నాడు.

"ఇప్పుడే," అంది గంట. పెదవులు కదిలాయి గాని గొంతు రాలేదు. ఆయనకు ఆ తేడా తెలిసే వీలు లేదు. అయినా తెలిసింది.

అప్పుడాయన భార్యను చూశాడు. "గుడ్డ నువ్వేశావా?"

"నేనే వేశాను."

ఆయన సూదిని మెత్తలో గుచ్చి, చొక్కా మడిచి పక్కన పెట్టాడు. తరువాత కళ్ళు మూసుకున్నాడు.

చెవులున్నవాడు అలిగితే నోరు మూసుకుంటాడు. చెవులు లేనివాడు అలిగితే కళ్ళు మూసుకుంటాడు. మూసిన రెప్పల వెనక్కి ఎంత పెద్ద కేకా చేరదు, ఏ కన్నీరూ చేరదు. ఆమె ఎదురుగా కూర్చుని క్షమించమంది. ఆ మాట మూసిన తలుపుకు తగిలి పడిపోయింది.

మధ్యాహ్నం పెరట్లో గంట ఆరేసిన బట్టలు తీస్తూ, తీసిన వాటినే మళ్ళీ తీగమీద వేస్తూ నిలబడింది. దర్జీ దగ్గరికి వెళ్ళింది.

"ఎప్పట్నించి?" అంది గంట, తిరిగి చూడకుండా.

"నీ ముందుపళ్ళు ఊడిననాటినుంచి."

"మరి నా పాటలు?"

"చూశాడు."

"గడపలోంచి పిలిస్తే?"

"అద్దం."

"ఊరెళ్ళినప్పుడు ఫోన్‌లో? నేను మాట్లాడుతుంటే నవ్వేవాడని నువ్వే చెప్పావ్!"

"ఫోను నా చెవిలో ఉండేది. నా మొహం చూసి నవ్వేవాడు."

గంట చేతిలోని చొక్కాను నలిపి ఉండ చేసింది. "అబద్ధమాడారు ఇద్దరూ. అందరిలో నన్ను పిచ్చిదాన్ని చేశారు. నేను మైదానంలో అరిచినప్పుడల్లా ఆయనకు వినబడుతుందనుకునేదాన్ని, తెలుసా? ఇంత దూరంలో ఉన్నా!"

"తెలుసు."

"మరి ఇప్పుడెందుకు చెప్పావ్? పోయేముందు ఎందుకు?"

"చెవుల్లో ఏమీ పెట్టుకోనన్నావు."

"అంతేనా? అందుకా? పెట్టుకోమని చెబితే పోయేదిగా!"

"మీ అమ్మ చెప్పింది. నేను చెప్పాను. ఆయనా చెప్పాడు. విన్నావా?"

గంట ఉండ చేసిన చొక్కాను మళ్ళీ పరిచి, ముడతలు చేత్తో సాపు చేస్తూ, "నువ్వు నాతో చెప్పలేదు పెద్దమ్మా. నాకు చూపించావు. వీధిలో అందరి ముందూ," అంది.

అన్నీ ఆలోచించిన దర్జీ వీధి సంగతి ఆలోచించలేదు. గుసగుస ఎరుగని ఇంట్లో ఇన్నేళ్ళు బతికినందువల్ల, ఏ పనీ చాటున చెయ్యడం ఆమెకు చేతకాకుండా పోయింది.

గంట ప్రయాణం మానుకోలేదు. కాని ఆమె గొంతు, పెదనాన్న భయపడినట్టే, పడిపోయింది. జబ్బేమీ లేదు. మేడమెట్లు దిగివచ్చి ఆయన భుజం తట్టి, ఎదురుగా కూర్చుని మామూలు మనుషుల్లా మెల్లగా మాట్లాడేది. కవాతు దళంలోని స్నేహితురాళ్ళు వీడ్కోలుకు వచ్చి, "ఏదీ, ఒక్కసారి మాకు ఆజ్ఞ ఇవ్వవే!" అని బతిమాలారు. గంట నిటారుగా నిలిచింది, గాలి పీల్చింది. వచ్చింది మాత్రం బడిలో హాజరు పలికినంత గొంతు. స్నేహితురాళ్ళు నవ్వబోయి ఆగిపోయారు. లోపల మిషను ముందు కూర్చున్న దర్జీ అది విని పాదం ఆపేసింది.

తోడికోడలు ఒకసారి అంది, "అక్కా, నా పిల్ల చెవులు కాపాడావు. దేవుడు నీకు మేలు చేస్తాడు."

"ఏం కాపాడానో ఏం పోగొట్టానో దేవుడికే తెలియాలి," అంది దర్జీ.

భర్త అన్నం తినేవాడు, బొత్తాలు కుట్టేవాడు, పిల్లతో మాట్లాడేవాడు. భార్య ఎదుటికి వస్తే మాత్రం రెప్పలు వాలేవి. ఆమె అద్దం మీది గుడ్డ ఎప్పుడో తీసేసింది. ఆయన పీట తిప్పుకుని, అద్దానికి వీపు పెట్టి కూర్చోవడం మొదలుపెట్టాడు.

బయలుదేరే రోజు అందరూ బస్సు స్టాండుకు వెళ్ళారు. కొత్తగా సైన్యంలో చేరే పిల్లలతో ఆ బస్సు నిండి ఉంది. అద్దాల కిటికీలన్నీ బిగించి ఉన్నాయి. ఇంజను రొద, కూలీల కేకలు, పక్క బస్సుల హారన్లు కలిసి ఎవరి మాట ఎవరికీ అందడం లేదు. గంట కిటికీ పక్కన కూర్చుంది. కింద నిలిచిన తల్లులు, తండ్రులు, మేనమామలు అద్దాలు తడుతూ, "ఏమిటీ? ఏమంటున్నావ్? వినబడట్లేదే!" అని చెవుల దగ్గర చేతులు పెట్టుకుని అరుస్తున్నారు. లోపలి పిల్లలూ అరుస్తున్నారు. ఇవతలి అరుపు అవతలికి చేరలేదు, అవతలి అరుపు ఇవతలికి చేరలేదు.

గంట అరవలేదు. అద్దానికి దగ్గరగా మొహం తెచ్చి, పెదనాన్నను చూస్తూ, పెదవులు కదిపింది. చాలాసేపు కదిపింది. మధ్యలో ఒకసారి ఆగి, కళ్ళు తుడుచుకుని మళ్ళీ కదిపింది. ఆ జనసముద్రంలో ఆ ముసలివాడొక్కడే కదలకుండా నిలిచి, ఒక్కొక్క మాటకూ తల ఊపాడు. బస్సు కదిలేటప్పుడు ఆయన తన ఫిరంగి గొంతుతో, "నమ్ముతున్నా తల్లీ! వెళ్ళిరా!" అన్నాడు. చుట్టుపక్కలవారు తిరిగి చూశారు.

దర్జీ ఆయన వెనకనే నిలిచి ఉంది. ఆమెకు ఒక్క ముక్కా అందలేదు. బతుకంతా వినే చెవులతో, వినలేని మనిషి పక్కన గడిపిన ఆమె, ఇవాళ తానొక్కతే వినకుండా మిగిలిపోయింది. ఏమంది ఆ పిల్ల? చెవుల మాట చెప్పిందా? తనను క్షమించానందా? "ఏమందండీ?" అని ఆయన వీపును అడిగింది. వీపు ఏం చెబుతుంది?

బస్సు మలుపు తిరిగి కనుమరుగయ్యాక ఆమె ఆయన ముందుకు వచ్చి నిలిచింది. రెప్పలు వాలతాయని ఎదురుచూసింది. వాలలేదు. ఎర్రబడ్డ కళ్ళతో ఆయన ఆమెను చూస్తున్నాడు.

"ఏమందండీ?" అంది గొంతు చించుకుని, అలవాటు కొద్దీ.

"చెవులు జాగ్రత్తగా చూసుకుంటానంది. ఒట్టేసింది." ఆయన ఆగాడు. "ఇంకా అరుస్తావెందుకే? ఇప్పుడు ఎవరికి దాచాలని? మెల్లగా చెప్పు. చూస్తూనే ఉన్నాగా."

ఆమె నోరు తెరిచింది. ఇన్నేళ్ళుగా మెల్లగా చెప్పాలని దాచుకున్న మాటలు ఎన్నో ఉండాలి. లోపల వెదికితే ఒక్కటీ దొరకలేదు. వాడని ఇంట్లో దీపపు వత్తుల్లా, ఎక్కడివి అక్కడే పొడిపొడిగా రాలిపోయి ఉన్నాయి. నా గురించి ఏమైనా అందా అని అడగాలనుకుంది; ఆ మాట కూడా పెదవుల దాకా వచ్చి తిరిగిపోయింది.

ఆయన ఆమె పెదవుల వైపు చూస్తూ ఓపికగా నిలబడ్డాడు. జనం ఇద్దరినీ ఒరుసుకుంటూ వెళ్ళిపోతున్నారు. కొంతసేపటికి తోడికోడలు వచ్చి, "అక్కా, పోదాం పదండి," అంటూ ఆమె మోచెయ్యి పట్టుకుంది.